పాము పెంపకము – పెంచువాని ధర్మము

ఇంట పెంచుకొనుటకు పాము మేలా, బల్లి మేలా యని యిటీవల మా మేనల్లుడు మమ్ము ప్రశ్నించెను. ఇట్టి ప్రశ్న మా తాతగారి నెవరైన నడిగియుండినచో, వారు ముందుగా భూతవైద్యుని పిలిపించి, పిదప ప్రశ్నను గూర్చి యోచించియుండెడివారు. మేమట్లు చేయలేదు. కాలము మాఱినది. నేడు హైదరాబాదులోను, బెంగుళూరులోను మేడలలో నివసించు యువకులు కొందఱు గాజుపెట్టెలలో కొండచిలువలను, తొండలను, బల్లులను ఉంచుకొని, వానికి దీపములమర్చి, పేరులు పెట్టి, మిత్రులకు జూపి మురియుచున్నారు. కుక్కను పెంచువాని నెవ్వరును వింతగా జూడరు. పామును పెంచువానిని వింతగా జూచుటకు మనకు వెఱపు తప్ప మఱియొక కారణము కలదా? కలదేని యది యేది? లేదేని మన వెఱపునకు ధర్మమని పేరు పెట్టుట న్యాయమా? ఈ విషయమును పాఠకులతో గలసి విచారింపదలచినాము.

మేనల్లునికి 22 ఏండ్లు. తెలివిగలవాడు, జాలిగలవాడు. అతడు తన సెల్‌ఫోనులో మాకు కొన్ని చిత్రములు చూపెను. ఆఫ్రికా ఖండపు పడమటి దేశములలో పుట్టు చిన్న కొండచిలువ యొకటి. దానిని బాల్ పైథాన్ అందురు. అమెరికా దేశపు కార్న్ స్నేక్ అను సన్నని పాము మఱొకటి. ఒడలెల్ల చిఱుతపులి మచ్చలు గల లెపర్డ్ గెకో యను బల్లి, గడ్డమువలె మెడక్రింద ముండ్లు గల బియర్డెడ్ డ్రాగన్ అను ఆస్ట్రేలియా తొండ, ఆకుపచ్చని ఇగ్వానా – ఇవి తక్కినవి. ఏది తక్కువ చోటు గోరును, ఏది తక్కువ కఱచును, ఏది చేతిలో నెక్కువసేపు కదలక యుండును, ఏ రంగు కంటికింపుగా నుండును – ఇవి యాతని సందేహములు.

“మామయ్యా, ఈ పసుపుపచ్చది చూడండి. ఎంత సాధువో! చేతిలోకి తీసుకుంటే బంతిలాగ చుట్టుకుపోతుంది. మీరు చెబితే అమ్మ వింటుంది” అని యాతడనెను.

మా అక్కయ్య వంటయింటినుండియే తీర్పు చెప్పెను. “పాము ఈ గుమ్మంలోకి వచ్చిననాడు నేను మీ ఇంటికి వచ్చేస్తాను తమ్ముడూ. ఆపైన మీ ఇద్దరి ఇష్టం.”

ఆ యిద్దఱిలో ఎవరి పక్షము వహింపవలెనో మాకు వెంటనే తోచలేదు. తోచకపోవుటకు కారణము మా చిన్ననాటి తొండ యొకటి. ఆ కథ చెప్పినగాని మా యభిప్రాయము పాఠకులకు బోధపడదు.

మా యూర వేసవి సెలవులలో బాలురకు గల వినోదములలో తొండలను హింసించుట యొకటి. కంచెమీద నెక్కి తలయాడించు తొండ తమ్ము వెక్కిరించుచున్నదని వారు నమ్మెడివారు. ఈనెను ఉచ్చుగా జేసి, దాని మెడకు దగిలించి పట్టి, నోట పొగాకు గ్రుక్కి, మత్తుతో నది గిరగిర తిరుగుచుండ జూచి నవ్వెడివారు. తుదకు ఱాళ్లతో గొట్టి చంపెడివారు. మాకా యాట గిట్టెడిది కాదు. ఒకనాడు వారిచేతినుండి యొక తొండను విడిపించి యింటికి దెచ్చితిమి. మాయంత దయాళువు ఆ వాడలోనే లేడని మాకు గర్వము కలిగెను. బిస్కట్ల రేకుడబ్బా మూతకు చిల్లులు పొడిచి, అడుగున మెత్తని గుడ్డ పఱచి, ఎండ తగులకుండ మంచముక్రింద చల్లనిచోట నుంచితిమి. అన్నపుమెతుకులు పెట్టితిమి. గిన్నెలో పాలు పోసితిమి. దినమునకు పదిమార్లు మూత తీసి దాని వీపు నిమిరితిమి. ఎనిమిదవనాడు అది చచ్చెను. మేము రెండుదినములు అన్నము మాని యేడ్చితిమి.

పెద్దవారమై కొంత చదువుకొన్న పిదప మేము చేసినదేమో మాకు తెలిసినది. తొండకు మనకువలె ఒంటిలో వేడి పుట్టదు. ఉదయమున ఎండలో గూర్చుండి వేడి గ్రహించినగాని అది పరుగెత్తజాలదు, తిన్నది జీర్ణించుకొనజాలదు. దాని యాహారము పురుగులు, మిడుతలు, చీమలు. మేము చల్లదనమను పేర దానికి జబ్బు నిచ్చితిమి. అన్నమను పేర ఆకలి నిచ్చితిమి. లాలనయను పేర దినమునకు పదిమార్లు ప్రాణభయము నిచ్చితిమి. కంచెకడ బాలురు ద్వేషముతో చంపిన తొండకును, మా యింట మేము ప్రేమతో చంపిన తొండకును గల భేదము మా మనస్సులలోనిదే గాని తొండలలోనిది గాదు. ఇంకను నిజము చెప్పవలెనన్న, వారిచేత జచ్చినది గడియసేపు బాధపడినది. మాచేత జచ్చినది ఎనిమిదిదినములు బాధపడినది.

కావున మేము చెప్పదలచినది యిది. ప్రేమ యనునది ప్రేమించువాని హృదయమున నుండును. దయ యనునది దయ పొందిన ప్రాణి యొంట నుండవలెను. మొదటిది యున్నంతమాత్రమున రెండవదియు నున్నదని తలచుట పెంపుడుజీవుల విషయమున మానవుడు చేయు పొరపాటులలో పెద్దది.

కుక్కయెడ ఈ పొరపాటు కొంతవఱకు తనంతట దిద్దుకొనును. కుక్క పదివేల యేండ్లకు మించి మనుష్యునితో గలసి బ్రదికినది. ఆకలియైన నఱచును, నొప్పియైన మూలుగును, అలిగిన మూలకు బోవును, మన ముఖము జూచి మన మనస్సు గ్రహించును, తన మనస్సు మనకు దెలుపును. పామున కివి లేవు. దాని కంటికి ఱెప్ప లేదు, దాని ముఖము మాఱదు, బాధపడుచున్నను మూలుగదు. పెంచువాని వాసన కలవాటుపడి బెదరుట మానవచ్చును గాని, వాడు వీధిలోనుండి వచ్చినపుడు ఎదురేగదు. పాము వ్యాధిగ్రస్తమై యున్నపుడును, సుఖముగా నున్నపుడును చుట్టుకొని కదలకయే యుండును. తెలియని కన్నులకు రెండును ఒక్కటియే.

అందుచేత పాము పెంపకము మనుష్యుని ధర్మబుద్ధికి గట్టి పరీక్ష. మనము సాధారణముగా చేయు ఉపకారములలో కొంత వర్తకము కలదు. బిడ్డ నవ్వును, కుక్క తోక యాడించును, భిక్షుకుడు దీవించును. పాము ఇవ్వదు. ఇవ్వనిదానికి ఇరువది ముప్పది యేండ్లు పెట్టగలవాడెవడో వాడే దానిని పెంచుట కర్హుడు. చేతిలో నెక్కువసేపు ఏది కదలక యుండునని యడుగువాడు ఇంకను ఆ యర్హతకు దూరముగానే యున్నాడు.

మా మేనల్లుడు మెచ్చిన గుణము నొకదానిని పరిశీలింతము. బాల్ పైథానునకు ఆ పేరెట్లు వచ్చినది? బాల్ అనగా బంతి. భయము గలిగినపుడు ఆ పాము తల నడుమ దాచుకొని, శరీరమును చుట్టలు చుట్టి, బంతివలె నగును. అడవిలో శత్రువు ఎదుట అది చేయు పని యిదియే. దానినే అంగడివాడు సాధుత్వమని చెప్పుచున్నాడు. కొనువాడు ప్రేమయని నమ్ముచున్నాడు. అనగా దాని భయమునకు బెట్టిన పేరే మనకు దాని గుణమునకు బెట్టిన పేరైనది!

భయమును సాధుత్వమని పిలుచుట మన సంఘమునకు క్రొత్త గాదు. అత్తయింట నోరు మెదపని కోడలిని ఉత్తమురాలంటిమి. కొట్టినను తిరుగబడని పాలేరును నమ్మినబంటంటిమి. బెత్తమునకు వణకు బాలుని బుద్ధిమంతుడంటిమి. వారు మాటాడ నేర్చిన పిదప వారి మనస్సు వారే చెప్పుకొనిరి, మనము సిగ్గుపడితిమి. పాము ఎన్నటికిని మాటాడ నేర్వదు. కావున దాని పక్షమున మనము నేర్చుకొనవలసినదే గాని వేఱు దారి లేదు.

నేర్చుకొనవలసిన దేమన, మొదటిది వేడి. పాము గాని, తొండ గాని యుండు పెట్టెలో నొక వైపు వెచ్చగను, ఒక వైపు చల్లగను ఉండవలెను. ఏ వేళ నెచట నుండవలెనో అది తానే యెన్నుకొనవలెను. బాల్ పైథానునకు వెచ్చని వైపున 31, 32 డిగ్రీలు, చల్లని వైపున 25, 26 డిగ్రీలు తగును. మన దేశమున శీతకాలపు రాత్రులలో దీపమాఱినచో అది చలికి జబ్బుపడును; వైశాఖజ్యేష్ఠములలో తలుపులు మూసిన గదిలో వేడి 40 డిగ్రీలు దాటినచో ఉడికి చచ్చును. పగటివేళ దిరుగు తొండజాతికి ఎండలోని అతినీలలోహిత కిరణములు గూడ కావలెను. అవి లేనిచో ఒంట డి విటమిను పుట్టదు; ఎముకలు మెత్తబడి దవడ వాచును, కాళ్లు వంకరపోవును. కిటికీకడ నుంచితిమిగదా యనిన జాలదు. కిటికీ యద్దము ఆ కిరణములను చాలవఱ కాపివేయును. ఆస్ట్రేలియా తొండయు, మన కంచెమీది తొండయు ఒకే కుటుంబములోనివి. మేము మంచముక్రింద జేసిన తప్పును నేడు చలువగదులలో పెక్కురు చేయుచున్నారు. డబ్బా మాత్రము రేకునుండి గాజునకు మాఱినది.

రెండవది యాహారము. పాము శాకాహారి కాజాలదు. ముక్కలు చేసిన మాంసమును తిని బ్రదుకజాలదు. దానికి ఎలుకను పూర్తిగా నీయవలెను. పెంచువారు సాధారణముగా ముందుగనే చంపి మంచులో నిలువచేసిన ఎలుకలను వెచ్చబెట్టి యిత్తురు. బ్రదికియున్న ఎలుకను వదలినచో నది పామునే కొఱికి గాయపఱచుట కలదు. ఇక్కడ ధర్మసంకట మొకటి యున్నది. అడవిలో పాము ఎలుకను దినుట ప్రకృతి. అందు మన పాపపుణ్యములు లేవు. ఇంటిలో పాముకై ఎలుకను జంపించుట మన పని. ఒక ప్రాణిని ముద్దుగా నుంచుకొనుటకై మఱికొన్ని ప్రాణులను లెక్కకు రానివిగా జేయుట దయయా? ఈ ప్రశ్నకు మాకు సులభమైన సమాధానము దొరకలేదు. కాని యింట మాంసము వండుకొనువారు దీనిని పట్టుకొని పాము పెంచువానిని నిందించుట చెల్లదు. శాకాహారమే పరమధర్మమని నమ్మినవాడు పామును తెచ్చుకొని దానికి పాలన్నము పెట్టుటయు చెల్లదు. తాను చేయుచున్న పనిని కన్నులు తెఱచి చేయుమనియే మేము చెప్పగలము.

మూడవది కాలము. లెపర్డ్ గెకో బాగుగా చూచినచో 15 మొదలు 20 ఏండ్లు, బాల్ పైథాన్ 20 మొదలు 30 ఏండ్లు బ్రదుకును. అమెరికాలో సెయింట్ లూయీ నగరపు జంతుప్రదర్శనశాలకు ఒక గృహస్థుడు 1961లో నొక బాల్ పైథానును ఇచ్చివేసెను. అది 2020లో, 62 ఏండ్లు పైబడిన వయస్సున, పక్కన మగపాము లేకయే ఏడు గ్రుడ్లు పెట్టెను. అప్పటికి అది ఆ శాలలో 59 ఏండ్లుగా నున్నది! 22 ఏండ్లప్పుడు పాముపిల్లను తెచ్చుకొన్నవాడు తన ఉద్యోగములలోను, పెండ్లిలోను, ఇండ్లమార్పులలోను, బిడ్డల చదువులలోను దానికొక చోటు ఉంచవలెను. ఇగ్వానా సంగతి మఱియు విపరీతము. అంగడిలో జానెడుండును, పెరిగినచో తోకతోగూడ అయిదడుగులు దాటును. జానెడుదానికి కొన్న పెట్టెలో అయిదడుగులది పట్టునా?

నాలుగవది, అది యెచటనుండి వచ్చినదను విచారణ. మన పొలములలోను, అడవులలోను దిరుగు నాగుపామును, జెఱ్ఱిపోతును, కొండచిలువను, ఉడుమును బట్టి యింట నుంచుకొనుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. అదృష్టము కలిసివచ్చునని కొందఱు పెరటిలో నుంచుకొను నక్షత్రపు తాబేలునకును ఇదియే చట్టము. విదేశపు జీవుల వర్తకమును అదుపులో బెట్టుటకై దేశములు 1973లో చేసికొన్న ఒడంబడికను సైటీస్ అందురు. దాని పట్టికలలోని జీవులను గలవారు వానిని ప్రభుత్వమువద్ద నమోదు చేయింపవలెనని 2022లో మన చట్టమును సవరించిరి. 2024 ఫిబ్రవరిలో అందులకు నియమములు వెలువడినవి. బాల్ పైథానును, ఇగ్వానాయు ఆ పట్టికలలోనివే. అట్టి జీవి పుట్టినను, చచ్చినను, చేతులు మాఱినను తెలియజేయవలెను. బ్యాంకాకునుండి వచ్చు ప్రయాణికుల పెట్టెలలో సంచులలో మూటగట్టిన పాములు, తొండలు పట్టుబడుట చెన్నై విమానాశ్రయమున పలుమార్లు జరిగినది. ఊపిరాడని ఆ సంచులలో చచ్చినవానికి కొనువాని కోరికయే కారణముగదా? కాగితము చూపనివానివద్ద కొనుట అంగడిబేరము కాదు. ఆ పాపములో భాగము.

ఇక వదలివేయుట. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ఎవర్‌గ్లేడ్స్ అను గొప్ప చిత్తడినేల యున్నది. పెంచలేక విడిచినవియు, తప్పించుకొన్నవియు నగు బర్మా కొండచిలువలు అందు జేరి వృద్ధిపొందుచున్నవని 2000 నాటికి నిర్ధారణమైనది. 2012లో వెలువడిన పరిశోధన యొకటి వాని వలన నచటి జంతువులకు గలిగిన నాశమును లెక్కించెను. రాత్రివేళ బాటలవెంట కనబడు రకూనులు నూటికి 99 వంతులు తగ్గినవట! ఆ పాములకు స్వేచ్ఛ నిచ్చితిమని విడిచినవారు సంతోషించియుందురు. ఇచటను పెంచువాని హృదయమున దయ యున్నది. అది పొందవలసిన యొంట లేదు.

ఇంతవఱకు మేము మేనల్లునికి ఎదురుగా మాటాడితిమి. అంతమాత్రమున మా అక్కయ్య పక్షమే ధర్మపక్షమని పాఠకులు తలపరాదు. పాము వలదనుటకు ఆమె చెప్పిన కారణము పాము సుఖము గాదు, తన భయము. కార్తికశుద్ధ చవితినాడు ఆమె పుట్టకు పసుపుకుంకుమలద్ది, పాలు పోసి, చిమ్మిలి నైవేద్యము పెట్టును. మఱునాడు పెరటిలో పాము కనబడినచో కఱ్ఱలు తెండని కేకవేయును. పాము పాలు త్రాగి బ్రదుకు జీవి గాదు. పాములవాడు కోఱలు పీకి, దినముల తరబడి నీరీయక ఎండబెట్టిన పాము పండుగనాడు పాలలో మూతి పెట్టినచో నది భక్తిని మెచ్చికాదు, దాహమునకు తాళలేక. పుట్టలోని పామును దేవుడని మ్రొక్కి, పెరటిలోని పామును యముడని చంపువారు రెండుచోట్లను పామును చూడలేదు. ఒకచోట తమ కోరికను, ఒకచోట తమ భయమును జూచిరి. గాజుపెట్టెలోని పామునందు తన విలాసమును జూచు యువకునికిని వీరికిని ఈ విషయమున భేదము లేదు.

బల్లి విషయముననైనను మనము మేలుగా నడచితిమా? అడుగకయే వచ్చి, పంజరము లేకయే యుండి, దీపముచుట్టు మూగు పురుగులను దిని, మనలనేమియు కోరక బ్రదుకు పెంపుడుజీవి ప్రతియింట గోడమీద నున్నది. అది మీద బడిన ఏ యవయవమునకు ఏ కీడని పంచాంగములో వెదకితిమి, స్నానములు చేసితిమి, కంచిలోని బంగారుబల్లిని తాకివచ్చినవారిని తాకితిమి. దాని నొక్కనాడైన తీరికగా జూచితిమా? నున్నని గోడపై నదెట్లు నిలుచునో, తెగిన తోక మరల నెట్లు మొలచునో యెంతమంది తల్లులు బిడ్డలకు జూపిరి?

ఈ యజ్ఞానమునకు మనము చెల్లించు వెల చిన్నది గాదు. 2000 నుండి 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది చనిపోయిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి తేల్చినది. ఏటికి సగటున 58 వేలు. వీరిలో పెక్కురు పల్లెలవారు. చీకటిలో దీపము లేక నడచుట, నేలపై పండుకొనుట, కఱచినపిదప విషపు విఱుగుడు మందుగల ఆస్పత్రికి బోక మంత్రగానికడ కాలము గడపుట – ఇవి చంపినవారే యెక్కువ. ఇటు మనుష్యులు చచ్చుచుండగా, అటు విషములేని జెఱ్ఱిపోతు, రైతు ధాన్యమును ఎలుకలనుండి కాచునది, నాగుపామను భ్రమతో దెబ్బలు తినుచున్నది. పామును దగ్గఱగా జూచి, దాని స్వభావము నెఱిగి, వెఱపు వదలుకొన్న యువకుడొకడు ఒక పల్లెలో నున్నచో మనుష్యులును బ్రదుకుదురు, పాములును బ్రదుకును. మేనల్లుని కుతూహలములో మంచివిత్తనము లేకపోలేదు.

పామును ముట్టుకొన్నవారందఱును దానిని సొంతము చేసికొన్నవారు గారు. చెన్నై సమీపమున వడనెమ్మెలి గ్రామమున ఇరుల జాతివారు 1978లో సహకారసంఘము స్థాపించుకొనిరి. వారు తరతరములుగా పాములు పట్టువారు. ప్రభుత్వపు టనుమతితో విషసర్పములను దెచ్చి, కొన్ని వారములు కుండలలో నుంచి, మందునకు వలయు విషమును దీసి, మరల వానిని విడిచివేయుదురు. మన దేశమున పాముకాటునకు మందు తయారగుట చాలవఱకు ఆ విషముతోనే. వారికి పామనిన ముద్దు లేదు, మ్రొక్కు లేదు; ఎఱుక కలదు. పాముతో మనుష్యునికి దగిన సంబంధ మెట్టిదని మమ్మెవరైన నడిగినచో ముందుగా వారినే చూపుదుము.

ఇట్లెల్ల విచారించి మేము మేనల్లుని ఏది కొనవలెనని చెప్పక, మూడు ప్రశ్నలడిగితిమి. అది నిన్నెన్నటికిని గుర్తింపదని తెలిసియు పెంచెదవా? ఎవరికిని చూపరాదు, చిత్రములు తీయరాదు అన్నను పెంచెదవా? నీవు ఊర లేనినాడు దానిని చూచువారెవరు?

మొదటిదానికి వెంటనే “పెంచుతాను” అనెను. రెండవదానికి కొంతసేపు ఊరకుండెను. మూడవదానికి “అమ్మ” అనెను. వంటయింట గరిటె క్రింద పడిన చప్పుడు వినబడెను. ఆనాటికి మాట అక్కడ ఆగిపోయినది.

రెండుమాసములకు అతడు మరల వచ్చెను. ఈసారి చిత్రములు లేవు. “మామయ్యా, నేను కొనను. కాని నా స్నేహితుడు పై చదువులకు విదేశాలకు వెళ్లిపోతున్నాడు. వాడి దగ్గర నాలుగేళ్ల బాల్ పైథాన్ ఒకటుంది. పసుపుది కాదు, మామూలు గోధుమరంగుది. ఎవరూ తీసుకోకపోతే ఊరి బయట చెరువు దగ్గర వదిలేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?” అని యడిగెను.

పాఠకులారా, ప్రశ్న మాఱినదని గ్రహించితిరా? ముందు ఏది నాకు నచ్చునని యడిగినవాడు, ఇపుడు దీనిగతి యేమని యడుగుచున్నాడు. కొనుట వేఱు, చేరదీయుట వేఱు. కొనువాడు, తనకై మఱొకపిల్లను పెట్టెలో పుట్టించుమని వర్తకునికి ఉత్తరువిచ్చుచున్నాడు. చేరదీయువాడు, ఒకరు మోసి దింపిన బరువు నెత్తుకొనుచున్నాడు. పెట్టెలో పుట్టి పెరిగిన ఆఫ్రికాపామునకు మన చెఱువుగట్టు అడవి గాదు. అచ్చట దానికి చావైన గలుగును, దానివలన నితరములకైన గలుగును. అట్టిదానికి స్వేచ్ఛ యనునది వట్టి మాట. దానికి మిగిలిన హక్కొక్కటియే – మంచిచెఱ. ఆ హక్కు తీర్చుటకు ముందుకు వచ్చువానిని మేము వారింపజాలము. పెంపుడు సర్పమును ఎన్నుకొనుట యెట్లని యడుగువారికి మా యుత్తర మిదియే: అంగడిలో క్రొత్తదానిని వెదకకుడు, ఎవరికిని అక్కఱలేనిది ఎచ్చట నున్నదో వెదకుడు. అది కంటికింపు గాకున్నను, చేత నిలువకున్నను తెచ్చుకొనగలరేని మీరు పెంపకమున కర్హులు. లేదేని గోడమీది బల్లి చాలును.

అక్కయ్యను ఒప్పించు పని మాపై బడినది. మేము చెప్పిన శాస్త్రము నంతయు విని ఆమె తల యడ్డముగా నూపెను. తుదకు చెఱువుగట్టు మాట చెప్పగా మాత్రము కొంచెముసేపు ఊరకుండి, “దిక్కులేనిదైతే అది వేరు సంగతి. నా కంట మాత్రం పడకూడదు” అనెను. కాగితములు స్నేహితుని పేరనుండి మేనల్లుని పేరికి మాఱినవి. పాము వెనుకటిగదిలో చేరెను. పెట్టె దాని నిడివికి తగినట్లు పెద్దదిగా చేయించినాము. అక్కయ్య నేటివఱకు ఆ గదిలో అడుగు పెట్టలేదు.

మొన్న పుష్యమాసమున మేము వారియింట నిదురించుచుండగా, నడురాత్రి కరెంటు పోయెను. చీకటిలో అక్కయ్య గొంతు వినబడెను. ఆమె కొడుకును తట్టి లేపుచుండెను. “ఒరేయ్, లేవరా. దాని దీపం ఆరిపోయుంటుంది. చలేస్తుందేమో చూడు.”

ఆమెకు పామనిన ప్రేమ లేదు, ఇప్పటికిని వెఱపే. ఆ మాట విని మాకు నిదుర పట్టలేదు. మంచముక్రింద రేకుడబ్బాలోని తొండకు చలి వేయుచున్నదేమో యని, అంత ప్రేమించియు, ఆ యెనిమిది దినములలో మేమొక్క రాత్రియైన ననుకొనలేదు.